హరిత భవనం సర్టిఫికెట్ – కరెంటు లెక్కలో మన బడి నెగ్గగలదా?

(సంఘం వార్షిక సమావేశంలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)





బడికి కొత్త భవనం కట్టాలని సంఘం నిర్ణయించింది. దానికి హరిత భవనం సర్టిఫికెట్ తీసుకుంటే బాగుంటుందని కొందరు దాతలు అన్నారు. అది పెద్ద పెద్ద ఐటీ కంపెనీల పని, మనకెందుకని మరికొందరు అన్నారు. ప్లాను ఖరారయ్యేలోపు విషయం తెలుసుకుని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పమని కార్యవర్గం మమ్మల్ని అడిగింది. మేము ఇంజనీర్లం కాము, పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయితే ఆ భవనంలో రోజుకు ఆరేడు గంటలు ఉండబోయేది మేమూ, మీ పిల్లలూ. కాబట్టి ఆ హక్కుతోనే మాట్లాడుతున్నాం.

ముందుగా, ఈ సర్టిఫికెట్లు ఎవరు ఇస్తారో చూద్దాం. మన దేశంలో ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ఉంది. దాన్ని ఐజీబీసీ అంటారు. 2001లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే. ‘గృహ’ అనే మరో రేటింగు ఉంది, అది నక్షత్రాల లెక్కన ఇస్తారు. అమెరికా నుంచి వచ్చిన ‘లీడ్’ ఉంది. ప్రపంచ బ్యాంకు సమూహంలోని ఐఎఫ్‌సీ అనే సంస్థ రూపొందించిన ‘ఎడ్జ్’ ఉంది. హైటెక్ సిటీ దగ్గర సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగు పొందిన మొదటి భవనం అదే. అంటే ఈ విద్య ఎక్కడో పరాయి దేశంలో ఉన్నది కాదు, రెండు దశాబ్దాలుగా మన ఇంటి ముంగిట్లోనే ఉంది.

ఈ రేటింగుల్లో చాలావాటిలో నీళ్లు, స్థలం, సామగ్రి, గాలి, వెలుతురు ఇలా అనేక అంశాలుంటాయి. చెట్లు నాటితే కొన్ని మార్కులు, వాన నీరు ఇంకిస్తే కొన్ని మార్కులు. కానీ విద్యుత్ విషయం మాత్రం పరీక్షలో తప్పనిసరి ప్రశ్న లాంటిది. మిగతావన్నీ బాగా రాసినా అది వదిలేస్తే పాస్ కారు. లీడ్ నాలుగో వెర్షన్‌లో కొత్త భవనం ప్రామాణిక భవనం కంటే కనీసం 5 శాతం మెరుగ్గా ఉండాలి, ఆ పైన ఎంత మెరుగైతే అన్ని మార్కులు. ఎడ్జ్‌లో కనీసం 20 శాతం విద్యుత్తు ఆదా కావాలి. నీళ్లలో 20 శాతం, కట్టుబడి సామగ్రి విషయంలో 20 శాతం కూడా ఆదా చూపించాలి. విద్యుత్ ఆదా 40 శాతానికి చేరితే ‘ఎడ్జ్ అడ్వాన్స్‌డ్’ అంటారు.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటుంది. ఇంకా కట్టని భవనంలో కరెంటు ఆదా ఎలా కొలుస్తారు? దేనితో పోల్చి 20 శాతం అంటారు?

దీనికి పద్ధతి ఇది. కంప్యూటరులో ఒకే భవనాన్ని రెండుసార్లు కడతారు. అదే స్థలం, అదే వైశాల్యం, అదే ఎండ, అంతమందే పిల్లలు. మొదటిది మామూలుగా ఆ ఊళ్లో అందరూ కట్టే పద్ధతిలో ఉంటుంది. దాన్ని బేస్‌లైన్ అంటారు. రెండోది మనం కట్టదలచుకున్న పద్ధతిలో ఉంటుంది. ఏడాదికి రెండింటికీ ఎన్ని యూనిట్లు అవసరమో లెక్క వేస్తారు. ఆ యూనిట్లను భవనం వైశాల్యంతో భాగిస్తే ఒక చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లో వస్తుంది. దాన్నే ఈపీఐ అంటారు, విద్యుత్ పనితీరు సూచిక. క్రికెట్‌లో రన్ రేటు చూసి ఆటను అంచనా వేసినట్టు, ఈ ఒక్క అంకె చూసి భవనాన్ని అంచనా వేయవచ్చు.

బోర్డు మీద ఒక చిన్న లెక్క చేద్దాం. 24 తరగతి గదులున్న బడి అనుకుందాం. గదికి 4 ఫ్యాన్లు, 4 ట్యూబులైట్లు. మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. పాత ట్యూబులైటు చోకుతో కలిపి సుమారు 50 వాట్లు. 96 ఫ్యాన్లకు 7.2 కిలోవాట్లు, 96 లైట్లకు 4.8 కిలోవాట్లు, మొత్తం 12 కిలోవాట్లు. ఏడాదికి 220 రోజులు, రోజుకు 6 గంటలు అనుకుంటే 15,840 యూనిట్లు.

ఇప్పుడు అవే గదుల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడదాం. అవి సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తాయి. 20 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు పెడదాం. ఫ్యాన్లకు 2.88, లైట్లకు 1.92, మొత్తం 4.8 కిలోవాట్లు. ఏడాదికి 6,336 యూనిట్లు. అంటే 9,504 యూనిట్లు మిగిలాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే 76 వేల రూపాయలు. ఆదా 60 శాతం!

ఈ లెక్క చూసిన వాళ్లెవరైనా, 20 శాతం అడిగితే 60 శాతం వచ్చింది, ఫ్యాన్లు లైట్లు మారిస్తే చాలు, సర్టిఫికెట్ చేతికొచ్చినట్టే అంటారు. స్టాఫ్ రూములో మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మా మధ్య వచ్చిన మాట కూడా అదే. అయితే ఎడ్జ్ పద్ధతిని ఇంకాస్త చదివితే ఒక విశేషం కనిపించింది. ఈ రోజు మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ విశేషమే.

మన బడిలో ఏసీలు లేవు. కొత్త భవనంలోనూ పెట్టే స్తోమత లేదు. ఏసీ లేదు కాబట్టి చల్లదనం ఖర్చు సున్నా అని మనం అనుకుంటాం. ఎడ్జ్ అలా అనుకోదు. ఈ గది కప్పు ఇలా ఉంది, కిటికీలు ఇలా ఉన్నాయి, ఈ ఊళ్లో ఎండ ఇంత, కాబట్టి లోపల వేడి ఇంత పెరుగుతుంది అని లెక్క కడుతుంది. మనిషి హాయిగా కూర్చోవాలంటే ఆ వేడిని తీసేయడానికి ఎంత కరెంటు కావాలో అంతా ఆ భవనం ఖాతాలో రాస్తుంది. ఏసీ పెట్టినా పెట్టకపోయినా రాస్తుంది. దాన్ని వర్చువల్ ఎనర్జీ అంటారు. కరెంటు బిల్లులో కనపడదు, మీటరు తిరగదు, అయినా లెక్కలో ఉంటుంది.

ఎందుకని? ఏసీ లేని గదిలో ఆ వేడి ఎక్కడికీ పోలేదు కాబట్టి. దాన్ని పిల్లలు భరిస్తున్నారు. మనం కట్టని బిల్లును పిల్లలు చెమటతో కడుతున్నారు. ఆ చెమటను కూడా యూనిట్లలోకి మార్చి లెక్క చూపించే పద్ధతి ఇది. మాకు ఇది చాలా న్యాయంగా అనిపించింది.

మార్చి సగం దాటగానే మన దగ్గర ఒంటిపూట బడులు మొదలవుతాయి. అందరికీ అలవాటైపోయి దాని గురించి ఆలోచించడం మానేశాం. ఒంటిపూట బడి అంటే ఎండతో మనం చేసుకున్న రాజీ. మధ్యాహ్నం ఆ గదుల్లో పిల్లలు కూర్చోలేరు కాబట్టి చదువును సగానికి తగ్గించుకుంటున్నాం. జూన్‌లో బడి తెరిచాక మొదటి వారాల్లో, మళ్లీ వానలు వెనకబడినప్పుడు, పై అంతస్తులో చివరి రెండు పీరియడ్లు ఎలా ఉంటాయో మాకు తెలుసు. లెక్కల మాస్టారు బోర్డు మీద రాస్తుంటే పిల్లలు నోటుపుస్తకంతో విసురుకుంటూ ఉంటారు. ఇంట్లో కూలరు ఉన్న పిల్లవాడు సాయంత్రం ఆ పాఠం మళ్లీ చదువుకుంటాడు. రేకుల ఇంట్లో ఉండే పిల్లవాడికి బడి తప్ప చల్లని చోటు లేదు. మన సంఘం బడి పెట్టింది ఆ రెండో పిల్లవాడి కోసమే కదా!

కాబట్టి ఫ్యాన్లు, లైట్లు మార్చడం అవసరమే, కానీ అది సులువైన సగం. అసలైన సగం కప్పులో, గోడల్లో, కిటికీల్లో ఉంది. అది కట్టేటప్పుడు తప్ప తర్వాత చేయడం కష్టం.

మొదట కప్పు సంగతి. ఏ వస్తువు గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే కొలతను యు-విలువ అంటారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది. వట్టి కాంక్రీటు స్లాబుకు అది 3కు పైనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2017లో విడుదల చేసిన భవన కోడ్ ప్రకారం మనలాంటి వేడి ప్రాంతాల్లో 10 వేల చదరపు మీటర్ల లోపు బడులకు అది 0.47 మించకూడదు. ఆ కోడ్ 100 కిలోవాట్ల లోడు దాటిన భవనాలకు. మన బడి దాని పరిధిలోకి రాదు. అయినా కొలబద్దగా పనికొస్తుంది.

ఈ తేడా ఎంతో చూడండి. తరగతి గది 50 చదరపు మీటర్లు అనుకుందాం. ఎండకు స్లాబు పైభాగానికీ గదికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుందాం. యు-విలువ 3 అయితే 3 ఇంటూ 20 ఇంటూ 50, అంటే 3,000 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు మూడు వేడెక్కించి పిల్లల నెత్తిన వేలాడదీసినట్టు! అదే 0.47 అయితే 470 వాట్లు, అర ఇస్త్రీపెట్టె కూడా లేదు. పైగా కాంక్రీటు పగలంతా వేడిని పీల్చుకుని మధ్యాహ్నం దాటాక కిందికి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిరిగి మన మీదికి కొడుతుంది.

దీనికి మందు స్లాబు మీద ఇన్సులేషన్ పొర, దాని పైన ఎండను తిప్పికొట్టే తెల్లటి పైపూత లేదా తెల్ల పెంకుల పరుపు. మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. డంగుసున్నంతో మందంగా గచ్చు వేసేవారు, ఏటా మిద్దె మీద సున్నం కొట్టేవారు. కొన్నిచోట్ల మట్టికుండలు బోర్లించి వాటి మీద సున్నపు కాంక్రీటు పరిచేవారు. కుండలోని గాలే ఇన్సులేషన్. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు చెప్పింది కూడా ఈ సున్నపు పూత సంగతే, కొత్త సామగ్రితో. 2017 కోడ్ ప్రకారం కూల్ రూఫ్ అనిపించుకోవాలంటే పడిన ఎండలో కనీసం 60 శాతాన్ని తిప్పికొట్టాలి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. తెల్ల పూత మీద దుమ్ము చేరితే పనితనం తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి.

రెండోది దిక్కు. తరగతి కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఉండాలి. దక్షిణపు ఎండ ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి సన్‌షేడ్ ఆపుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా నేరుగా గదిలోకి వస్తుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. అందుకని పడమటి వైపు మెట్లు, స్టోరు గది, మరుగుదొడ్లు పెట్టుకోవాలి. లేదా జాలీ కట్టుకోవాలి. దక్కన్ దర్గాలలో, సమాధుల్లో కనిపించే రాతి జాలీలు అందం కోసమే చెక్కినవి కావు. అవి ఎండను చిన్న చిన్న ముక్కలు చేసి గాలిని మాత్రం లోపలికి పంపుతాయి.

మూడోది గాలి. ఎదురెదురు గోడల్లో కిటికీలుంటేనే గాలి ఆడుతుంది. ఒకవైపు మాత్రమే తెరుచుకునే గదిలో ఎన్ని కిటికీలున్నా ఉక్కపోతే. వరండా వైపు గోడలో పైన వెంటిలేటర్లు పెడితే వేడిగాలి బయటికి పోతుంది. ముందు వైపు పెద్ద అద్దాల గోడ పెడదామని ఒక సూచన వచ్చింది. అద్దం ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వదు. దాని వల్ల లెక్కలో మార్కులు పోతాయి, గదిలో పిల్లలు ఉడికిపోతారు. దయచేసి ఆ ఆలోచన మానుకోవాలని మా మనవి.

ఇవన్నీ అయ్యాక ఫ్యాన్లు, లైట్లు. అన్నిటికంటే చివర సోలార్ పలకలు. ఈ వరస ముఖ్యం. సోలార్ కరెంటు కూడా ఆదాగా లెక్కకొస్తుంది కాబట్టి, కప్పు సంగతి వదిలేసి పలకలు పెట్టి అంకె తెచ్చుకోవడం సాధ్యమే. అప్పుడు సర్టిఫికెట్ వస్తుంది, పై అంతస్తులో వేడి మాత్రం అలాగే ఉంటుంది. ముందు అవసరాన్ని తగ్గించుకుని, మిగిలిన కొద్దిపాటి అవసరానికి పలకలు పెట్టుకుంటే తక్కువ పలకలు చాలు.

ఇండోనేషియా రాజధాని జకార్తాలోని ఇస్తిఖ్‌లాల్ మసీదు దీనికి మంచి ఉదాహరణ. ఆగ్నేయాసియాలోకెల్లా పెద్ద మసీదు అది. దాన్ని రూపొందించినది ఫ్రెడెరిక్ సిలబన్ అనే క్రైస్తవ వాస్తుశిల్పి. 1978లో ప్రారంభమైంది. గాలి ధారాళంగా ఆడేలా గోడల పొడవునా జాలీలతో కట్టారు. తర్వాత 2019, 2020 సంవత్సరాలలో జరిగిన మరమ్మతుల్లో తక్కువ కరెంటు తీసుకునే లైట్లు పెట్టారు, నీళ్లు తక్కువ వదిలే కుళాయిలు పెట్టారు, 500కు పైగా సోలార్ పలకలు అమర్చారు. 2022లో దానికి ఎడ్జ్ సర్టిఫికెట్ వచ్చింది. ప్రపంచంలో ఆ సర్టిఫికెట్ పొందిన మొదటి ప్రార్థనా స్థలం అదే. అక్కడ వరస గమనించండి. గాలి వెలుతురు సంగతి నాలుగు దశాబ్దాల ముందే గోడల్లో కట్టేశారు. పలకలు తర్వాత వచ్చాయి. గోడలు సరిగ్గా ఉంటే పలకలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. గోడలు తప్పుగా కడితే మళ్లీ కట్టలేం.

ఇక ఖర్చు మాట. ఇన్సులేషన్‌కు డబ్బు కావాలి, బీఎల్‌డీసీ ఫ్యాను ధర మామూలు ఫ్యాను కంటే ఎక్కువ, సర్టిఫికెట్‌కు రుసుము ఉంటుంది. దాతల సొమ్ము మన చేతిలో అమానత్. ఒక్క రూపాయి కూడా గొప్ప కోసం ఖర్చు కాకూడదు. సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే అయితే మాకూ అక్కర్లేదు.

మరి ఎందుకు కావాలంటున్నాం? పరీక్ష ఉంటేనే పిల్లలు పుస్తకం తెరుస్తారని మాకు తెలుసు. కట్టుబడి మధ్యలో డబ్బు చాలనప్పుడు మొట్టమొదట కోత పడేది కంటికి కనపడని పనికే. గేటు ఆర్చి ఉంటుంది, మార్బుల్ ఉంటుంది, స్లాబు మీద ఇన్సులేషన్ ఎగిరిపోతుంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తే అలా కుదరదు. ఎడ్జ్‌లో రెండు మెట్లున్నాయి. డిజైను చూసి ప్రాథమిక సర్టిఫికెట్ ఇస్తారు. కట్టాక ఆడిటరు తనిఖీ చేసి, చెప్పినవన్నీ నిజంగా చేశారని తేలితేనే తుది సర్టిఫికెట్. కొన్న సామగ్రి బిల్లులు, కంపెనీవాళ్ల సాంకేతిక పత్రాలు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు చూపించాలి. ఇన్సులేషన్ పరిచినప్పుడే ఫొటో తీయాలి. పైన పెంకులు పరిచేశాక తవ్వి చూపించలేం కదా! మన కాంట్రాక్టరు మీద మనకు నమ్మకం ఉంది, అయినా బయటివాళ్ల కన్ను ఒకటి ఉండడం అందరికీ మేలు, దాతలకు జవాబు చెప్పవలసిన మనకు మరీ మేలు.

ఒకవేళ రుసుము భారమనిపిస్తే, ఎడ్జ్ సాఫ్ట్‌వేరు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ముందు మన ప్లానును అందులో పెట్టి చూద్దాం. ఏ మార్పుకు ఎంత ఆదా వస్తుందో తెలుస్తుంది. మన పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లు ఉన్నారు. ఈ పని వారు తలపెడితే కన్సల్టెంటు ఖర్చు కొంత తగ్గుతుంది.

భవనం కట్టి చేతులు దులుపుకోవడం కూడా సరిపోదు. కాగితం మీద వచ్చిన అంకెకూ మీటరు చూపించే అంకెకూ చాలా భవనాల్లో తేడా వస్తుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్లు తిరుగుతుంటే ఏ సర్టిఫికెట్టూ ఆదా చేయలేదు. అంతస్తుకొక సబ్‌మీటరు పెట్టించండి. ప్రతి నెలా రీడింగు తీసి, వైశాల్యంతో భాగించి, నోటీసు బోర్డు మీద గ్రాఫు గీసే పని ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగిస్తాం. శాతాలు, సగటు, గ్రాఫులు అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే. వృథా చేయకూడదని మనం ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు వింటారో లేదో గానీ, తమ అంతస్తు గీత పక్క అంతస్తు గీత కంటే పైకి పోతే మాత్రం ఊరుకోరు. పై అంతస్తు గదిలో ఒక థర్మామీటరు కూడా తగిలిస్తాం. మా దృష్టిలో అసలు పరీక్ష ఆ థర్మామీటరుదే.

చివరిగా కార్యవర్గానికి మా మనవులు నాలుగు. ఒకటి, ప్లాను ఖరారు చేసేముందు కిటికీల దిక్కు, పడమటి గోడ మరోసారి చూడండి. రెండు, స్లాబు ఇన్సులేషన్, తెల్ల పూత ఖర్చును అంచనాలో విడిగా రాయండి, ఎంత డబ్బు చాలకపోయినా దాన్ని ముట్టుకోకూడదని తీర్మానం చేయండి. మూడు, ఫ్యాన్లు, లైట్లు కొనేటప్పుడు ధరతో పాటు వాట్లు కూడా చూడండి. నాలుగు, సోలార్ పలకలకు మిద్దె మీద చోటు, వైరింగుకు గొట్టాలు ఇప్పుడే పెట్టించండి, పలకలు వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో పెట్టుకుందాం.

దాతలకు ఒక్క మాట. గది కట్టిస్తే తలుపు మీద పేరు రాస్తాం. కప్పు మీద ఇన్సులేషన్ వేయిస్తే పేరు రాయడానికి చోటే ఉండదు. పెంకుల కింద అది ఎవరికీ కనపడదు. కానీ ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు పై అంతస్తులో ఒక పిల్ల చెమట తుడుచుకోకుండా లెక్క పూర్తి చేస్తే, అది మీరు చేసిన పని. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియని దానమంటే మన సమాజంలో ఎంత గౌరవమో మీకు మేము చెప్పనక్కర్లేదు.

 అల్లాహ్ మన సంకల్పాన్ని స్వీకరించి, ఈ పనిని సులభం చేయుగాక. ఆమీన్.

వస్సలాం.